కంప్యూటరు శాస్త్రమున ఉన్నతవిద్య: మన కర్తవ్యము

(వికారాబాదు, తాండూరు ప్రాంతీయ సంఘ వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చదువబడిన ఉపన్యాసము)



విద్యావిషయమై నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరియున్నారు. వివాహవ్యయములను గూర్చియు, సంఘభవనమును గూర్చియు పెద్దలు ఇదివరకే ప్రసంగించిరి. మేము ఒక్క విషయమునకే పరిమితులమగుదుము. మన బిడ్డలలో పెక్కుమంది నేడు ఇంజనీరింగు కళాశాలలలో కంప్యూటరు శాఖయందు చేరి పట్టము పొందుచున్నారు. ఆ పట్టము చేతికి వచ్చిన పిమ్మట వారేమి చేయవలయును? ఈ ప్రశ్నకు మన యిండ్లలో సాధారణముగా రెండే సమాధానములు వినవచ్చుచున్నవి. ఒకటి, వెంటనే ఏదో యొక ఉద్యోగము. రెండవది, భూమిని కుదువబెట్టి అమెరికా ప్రయాణము. మూడవ మార్గమొకటి కలదు. అది మన యింటికి సమీపముననే యున్నది. దానిని గూర్చి తెలిసినవారు మనలో మిక్కిలి తక్కువ. దానిని మీ యెదుట నుంచుటయే మా యుద్దేశము.

మనది రైలుమార్గపు సీమ. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు ఇనుపదారి పడినది. తాండూరు నాపరాళ్లును, కందులును ఆ దారినే నగరమునకు చేరినవి. ఆ కందులకే 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించి మన సీమకు కీర్తి తెచ్చినది. అదే దారిని తాండూరు నుండి వికారాబాదు మీదుగా తూర్పునకు పోవుచో శంకరుపల్లి వచ్చును. దానికి ఉత్తరముగా, సంగారెడ్డి జిల్లాలో, 2008లో స్థాపితమైన హైదరాబాదు ఐ.ఐ.టి. నెలకొనియున్నది. మన పొలములలో పండునది కంది. ఆ విద్యాలయమున్న గ్రామము పేరును కందియే. ఇంకను ముందునకు పోయి లింగంపల్లిలో దిగినవారికి, 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమును, 1998లో గచ్చిబౌలియందు వెలసిన ట్రిపుల్ ఐ.టి.యును సమీపముననే కలవు. కూకటుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమును, నగరమునందు ఉస్మానియాయును ఉన్నవి. ఈ విద్యాపీఠము లన్నింటను కంప్యూటరు శాస్త్రమున ఉన్నతవిద్య గరపుచున్నారు. దేశము నలుమూలల నుండి విద్యార్థులు రెండేసి రోజులు ప్రయాణముచేసి అచ్చటికి వచ్చుచుండగా, ఉదయము బయలుదేరి మధ్యాహ్నమునకు లోపుగనే చేరగల మన బిడ్డలు ఆ ద్వారముల యెదుటనుండియే విమానాశ్రయమునకు పోవుచున్నారు.

పూర్వము మన పెద్దలకు ఉన్నతవిద్య ఎంత దుర్లభమో స్మరింపవలసియున్నది. 1887లో నెలకొన్న నిజాము కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. 1918లో ఉస్మానియా స్థాపితమైనప్పుడు బోధనాభాష ఉర్దూ. తెలుగింటి బాలుడు మరియొక భాషను సాధించిన పిమ్మటగాని శాస్త్రముల గడప త్రొక్కుటకు వీలులేకుండెను. దీనికి తోడు నగరమున తలదాచుకొనుటకు చోటు కరవు. ఆ కష్టమును గుర్తించియే ఆనాటి కులసంఘములు వసతిగృహముల స్థాపనకు పూనుకొన్నవి. రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారి కృషిచే 1918లో వెలసిన రెడ్డి హాస్టలు ఇందుకు ప్రసిద్ధమైన యుదాహరణము. ఏ సంఘము వారైనను ఆనాటి పెద్దల వివేకమును మెచ్చుకొనక తప్పదు. ముల్లెక్కడ గుచ్చుకొనుచున్నదో వారు కనిపెట్టి అక్కడనే చికిత్స చేసిరి. నేటి ముల్లు వేరొకచోట నున్నది. మనము దానిని వెదకవలయును.

ముందుగా ఈ శాస్త్ర మెట్టిదో కొంచెము విచారింతము. కంప్యూటరు శాస్త్రమనగా యంత్రమును నడపు నేర్పని పెక్కుమంది భావించుచున్నారు. తాండూరు మార్కెట్టు యార్డులో వేయి బస్తాలున్నవనుకొందము. తూనికరాళ్లు లేవు, రెండేసి బస్తాలను త్రాసున పెట్టి ఏది బరువో చూచుట తప్ప వేరు సాధనము లేదు. అన్నింటిని బరువు ననుసరించి వరుసగా పేర్చవలయును. ప్రతి బస్తాను తక్కిన బస్తా లన్నింటితోను పోల్చినచో 4,99,500 పర్యాయములు త్రాసెక్కింపవలసి వచ్చును. అట్లుగాక బస్తాలను సగము సగముగా పంచుకొనుచు పోయి, చిన్న చిన్న వరుసలను రెండేసి చొప్పున కలుపుకొనుచు వచ్చినచో పదివేల పర్యాయములకు లోపుగనే పని ముగియును. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ అను గణితజ్ఞుడు కంప్యూటరు కొరకు ఈ పద్ధతిని రచించెను. త్రాసు మారలేదు, హమాలీలు మారలేదు. ఆలోచన ఒక్కటి మారుటచే శ్రమ యేబదవ వంతునకు తగ్గినది. ఇట్టి ఆలోచనలను కనుగొని, అవి సరియైనవని నిరూపించుటయే ఈ శాస్త్రము. ఏ ప్రోగ్రామునిచ్చినను అది యెన్నటికైనను ఆగునో ఆగదో తప్పక చెప్పగల సార్వత్రిక పద్ధతి ఉండజాలదని ఆలన్ ట్యూరింగు 1936లో నిరూపించెను. అప్పటికి నేటి కంప్యూటరు పుట్టనేలేదు. యంత్రములు పాతబడుచుండును, ఇట్టి సత్యములు పాతబడవు.

బి.టెక్. నాలుగేండ్లలో విద్యార్థి ఇతరులు కనుగొన్న దానిని ఉపయోగించుట నేర్చును. ఎం.టెక్. రెండేండ్ల చదువు. అందొక యేడు శాస్త్రమును లోతుగా అభ్యసించి, మరియొక యేడు ఒక సమస్యను తీసికొని స్వయముగా పనిచేసి సిద్ధాంతవ్యాసము వ్రాయవలయును. పిహెచ్.డి. అనునది ఎవ్వరికిని సమాధానము తెలియని ప్రశ్నను పట్టుకొని నాలుగైదేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము, కృషిచేయుట. బి.ఎస్.సి. మున్నగు పట్టములు గలవారికి ఎం.సి.ఏ. మార్గము కలదు. పూర్వము మూడేండ్లుగా నుండిన ఈ చదువు 2020 నుండి రెండేండ్లకు తగ్గినది. కావున తాండూరు, వికారాబాదు డిగ్రీ కళాశాలలలో చదివిన బిడ్డలు తమకు ఈ ద్వారము మూసియున్నదని తలపరాదు.

ఇప్పుడు డబ్బుమాట. ఇది మీరందరు జాగ్రత్తగా వినవలసిన మాట. మన యిండ్లలో చదువనగా రుసుము కట్టుట యనియే తెలియును. ఉన్నతవిద్యలో పై మెట్టునకు పోయినకొలదిని విద్యార్థికే జీతమిత్తురను సంగతి చాలమందికి తెలియదు. గేట్ పరీక్షలో ఉత్తీర్ణులై, సాంకేతిక విద్యామండలి ఆమోదించిన సంస్థలలో ఎం.టెక్. చేరినవారికి నెలకు 12,400 రూపాయల చొప్పున 24 నెలలపాటు ఉపకారవేతనము కలదు. మొత్తము 2,97,600 రూపాయలు. పరిశోధకవిద్యార్థులకు 2023 జనవరి నుండి కేంద్రప్రభుత్వ ఫెలోషిప్పు మొదటి రెండేండ్లు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలుగా నిర్ణయమైనది. ఐదేండ్లకు లెక్కించిన సరిగా 24 లక్షలు. ఇంటియద్దె భత్యము దీనికి వేరు.

దీని ప్రక్కన రెండవ మార్గపు లెక్కను పెట్టి చూడుడు. ఎం.ఎస్. చదువునకై అమెరికాకు పోవు బిడ్డకొరకు తండ్రి 40 లక్షలు అప్పు తెచ్చెననుకొందము. నూటికి ఏడాదికి 11 రూపాయల వడ్డీ చొప్పున ఏటికి 4,40,000 రూపాయలు వడ్డీయే యగును. నెలకు లెక్కించిన 36,000 దాటును. అనగా ఒక పరిశోధకవిద్యార్థికి మన దేశమున లభించు నెలసరి వేతన మెంతయో, దాదాపు అంత మొత్తము ఈ తండ్రి వడ్డీక్రింద చెల్లింపవలసి వచ్చును. అసలు అట్లే నిలిచియుండును. ఎకరములు బ్యాంకు కాగితములలో నుండగా వర్షము కొరకును, వీసా కొరకును ఏకకాలమున ఎదురుచూచుచున్న కుటుంబములను మన గ్రామములలో మీరును ఎరుగుదురు.

విదేశములకు పోరాదని మేము చెప్పుటలేదు. విద్యకు ఎల్లలు లేవు. 2023–24లో అమెరికాయందు చదువుచుండిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో మన తెలుగు బిడ్డలనేకులు. అచ్చట చదువు ముగిసిన పిమ్మట కంప్యూటరు మున్నగు శాస్త్రముల విద్యార్థులకు పని యనుభవమునకై మూడేండ్ల వరకు అవకాశ మున్నది. ఆ తరువాత నిలువవలెనన్న హెచ్-1బి వీసా కావలయును. దానికి ఏటి పరిమితి 85,000. లాటరీలో పేరు రావలయును. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన గావించెను. ఒక దేశాధ్యక్షుని సంతకముతో మారిపోగల దానిపై మన తాతలనాటి భూమిని పణముగా పెట్టునప్పుడు పదిమందితో ఆలోచింపవద్దా?

ఇందొక సూక్ష్మమును గమనింపవలయును. అమెరికాకు పోవు మార్గములును రెండు. ఒకటి రుసుము కట్టి చదువు ఎం.ఎస్.; రెండవది జీతము తీసికొని చదువు పిహెచ్.డి. అచ్చటి విశ్వవిద్యాలయములు పెక్కింట పరిశోధకవిద్యార్థికి బోధనయందో పరిశోధనయందో సహాయకునిగా పని యిచ్చి, రుసుము తొలగించి, జీవనభృతి నొసగుదురు. మన దేశమున ఎం.టెక్.లో మంచి సిద్ధాంతవ్యాసము వ్రాసినవారికి ఆ ద్వారము మరింత సులభముగా తెరచుకొనును. కావున స్వదేశమున ఎం.టెక్. చదివిన వానికి విదేశము దూరము కాదు. అప్పు మాత్రము దూరమగును. వెనుకబడిన తరగతులవారికి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిటను, షెడ్యూల్డు కులములు తెగలవారికి అంబేద్కరు పేరిటను రాష్ట్రప్రభుత్వము విదేశీవిద్యానిధులు నెలకొల్పియున్నది. అర్హులు వానికి దరఖాస్తు పెట్టుకొనక అప్పునకు పోవుట తగదు.

కేవలము తీపిమాటలే చెప్పుట ధర్మము కాదు. ఉన్నతవిద్యలో కష్టములును కలవు. తోడివారు ఉద్యోగములలో చేరి కార్లు కొనుచుండగా, పరిశోధకుడు గ్రంథాలయమున కూర్చుండి పనిచేయవలయును. నెలలతరబడి చేసిన ప్రయత్నము విఫలము కావచ్చును. మార్గదర్శకుడగు ఆచార్యుని ఎన్నుకొనుటలో జాగ్రత్త కావలయును. ఎం.టెక్. అను పేరు పెట్టి రుసుములు వసూలుచేసి, బోధన సరిగా జరుపని కళాశాలలును లేకపోలేదు. చేరకముందే అచ్చటి ఆచార్యు లెవరు, వారు ప్రకటించిన పరిశోధన యెట్టిది, విద్యార్థులు ఎక్కడ స్థిరపడిరి అని విచారింపవలయును. ఎద్దును కొనునప్పుడు పండ్లు లెక్కించు మనము, బిడ్డ చదువు విషయమున అంతపాటి పరీక్షయైనను చేయకుండుట వింత కాదా?

గేట్ పరీక్షను గూర్చియు భయము తొలగవలయును. మూడు గంటల కాలము, 65 ప్రశ్నలు, 100 మార్కులు. బి.టెక్. మూడవ యేటినుండియే వ్రాయవచ్చును. ఒకసారి పొందిన స్కోరు మూడేండ్లు చెల్లును. అడుగునది గణితము, డేటా స్ట్రక్చర్లు, ఆల్గారిథములు, ఆపరేటింగ్ సిస్టములు, డేటాబేసులు, నెట్‌వర్కులు మున్నగు మూలవిషయములే. 2024 నుండి డేటా సైన్సు, కృత్రిమమేధలకు ప్రత్యేక ప్రశ్నపత్రమును కలదు. ఇంగ్లీషు రాదని మన పిల్లలు వెనుకాడుచున్నారు. గణితమునకు మాతృభాష గణితమే. తెలుగు మాధ్యమమున చదివినవాడు అల్గారిథమును అర్థము చేసికొనుటకు ఏ యడ్డంకియు లేదు. వ్రాయుటకు కావలసిన ఇంగ్లీషు ఏడాదిలో అలవడును.

మన సీమ బిడ్డలు ఈ శాస్త్రమున సాధింపవలసిన దేమున్నదని ఎవరైన అడుగవచ్చును. దబ్బల రాజగోపాలరెడ్డిగారి చరిత్ర దీనికి సమాధానము. వారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిరి. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలయందు పట్టభద్రులైరి. పిదప ఆస్ట్రేలియాలో ఉన్నతవిద్య నభ్యసించి, 1966లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. మనుష్యుని మాటను యంత్రముచే గుర్తింపజేయుట వారి పరిశోధన. 1976లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున వారి బృందము రూపొందించిన హార్పీ అను వ్యవస్థ 1,011 మాటలను గుర్తించెను. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమగు ట్యూరింగు పురస్కారము ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తో కలిసి వారికి లభించినది. ఆ పురస్కారమును పొందిన తొలి ఆసియావాసి వారే. ఒక తెలుగు పల్లెబిడ్డ ఉన్నతవిద్యచే ఎంత దూరము పోగలడో ఇంతకంటె వేరు సాక్ష్యమక్కరలేదు.

వారు మొదలిడిన పని మన యింట ఇంకను మిగిలియున్నది. 1991లో యూనికోడు తొలి సంపుటము వెలువడినప్పుడే తెలుగు లిపికి యంత్రములలో స్థానము ఏర్పడినది. లిపికి స్థానము వచ్చినంతమాత్రమున పలుకుబడికి వచ్చినట్లు కాదు. పుస్తకములలో ‘వచ్చినాడు’ అని యుండును. మన యింట ‘వచ్చిండు’ అందుము. తాండూరు సరిహద్దు పట్టణము. అచ్చట తెలుగు నడుమ ఉర్దూ మాట, దాని వెంట కన్నడపు మాట దొరలుచుండును. కందుల ధరనో, తెగులు మందునో యంత్రము నడుగు రైతు ఈ భాషలోనే అడుగును. ఆ భాష యంత్రమునకు అర్థము కావలెనన్న, దానిని ఇంటిలో విని పెరిగినవాడు పరిశోధకుడు కావలయును. హైదరాబాదు విశ్వవిద్యాలయముననున్న అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రమునందును, ట్రిపుల్ ఐ.టి. భాషాసాంకేతిక కేంద్రమునందును ఇట్టి పరిశోధనలకు చోటు కలదు. మరియొక ప్రశ్న చూడుడు. మూసీనది మన అనంతగిరి కొండలలో పుట్టుచున్నది. 1908 సెప్టెంబరులో ఆ నది నగరమును ముంచి వేలకొలది ప్రాణములను తీసినది. కొండపై కురిసిన వర్షమునుబట్టి క్రింద ఎప్పుడు ఎంత నీరు వచ్చునో ముందుగా లెక్కించి చెప్పుటయు కంప్యూటరు శాస్త్రజ్ఞుని పనియే. ఇట్టి ప్రశ్నలు మన వాకిట నున్నవి. వానిని పరులు వచ్చి అడుగరు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు యంత్రమే ప్రోగ్రాములు వ్రాయుచున్నది. ఇంక ఈ చదువెందుకని కొందరు నిరాశ పొందుచున్నారు. యంత్రము వ్రాసినది సరియో కాదో తేల్చువాడు కావలయును గదా! పైపై నేర్పుమాత్రమే గలవానికి ఇది గడ్డుకాలము. మూలమెరిగినవానికి పని తగ్గదు.

సోదరీమణులను గూర్చి ఒక మాట. బి.టెక్.లో కుమారుని కంటె కుమార్తెకు ఎక్కువ మార్కులు వచ్చిన యిండ్లు మనలో అనేకము. అయినను భూమి కుదువకు పోవునది కుమారుని కొరకు, కుమార్తెకు పెండ్లిచూపులు. ఎం.టెక్.కు రుసుము భారమని చెప్పు తండ్రికి ఇప్పుడు ఆ సాకు లేదు. ఆమెకు ప్రభుత్వమే నెలనెల వేతన మిచ్చును. విశ్వవిద్యాలయమున వసతిగృహము లభించును. ఇంటికి రైలుదారి యున్నది. ఇంకను అభ్యంతరమేమని ఆ తండ్రిని ఈ సభ అడుగవలయును. ఇరువదిరెండేండ్ల బిడ్డకు రెండేండ్ల గడువిచ్చినంతనే సంబంధములు తరిగిపోవు.

ఇంక మన సంఘము చేయవలసిన పనులను సూచించి విరమింతుము.

మొదటిది: బి.టెక్. ముగిసి గేట్ పరీక్షకు సిద్ధపడు ఒక్క సంవత్సరమే మన పేదబిడ్డలకు గండము. ఆ యేడు సంపాదన లేక, ఇంటివారి యొత్తిడికి తాళలేక చేతికందిన పనిలో చేరిపోవుచున్నారు. నేటి ముల్లు గుచ్చుకొనుచున్నది ఇచ్చటనే. విద్యానిధినుండి ప్రతి యేట కొందరికైనను ఈ ఒక్క సంవత్సరమునకు వడ్డీలేని ఋణ మియ్యవలయును. అందు సగము బాలికలకు కేటాయింపవలయును.

రెండవది: లింగంపల్లి ప్రాంతమున ఒక ఇంటిని అద్దెకు గొని, ఈ పరీక్షకు చదువువారికి వసతియు, పుస్తకములును, ఇంటర్‌నెట్టును ఏర్పాటు చేయవలయును. భవ్యమైన భవనము తరువాత కట్టుకొనవచ్చును.

మూడవది: విశ్వవిద్యాలయములలో పనిచేయుచున్న మనవారితో ఒక సలహాసంఘ మేర్పరుపవలయును. చదువుకొరకు భూమిని కుదువపెట్టదలచిన ఏ తండ్రియైనను సంతకము చేయుటకు ముందు ఒక దినము వారితో కూర్చుండి లెక్కలు చూచుకొనవలయును.

నాల్గవది: నిధివలన మేలు పొందినవారు వేసవిలో పదునైదు దినములైనను తాండూరు, వికారాబాదు, పరిగి, కొడంగలు పాఠశాలలలో పిల్లలకు గణితము చెప్పవలయును. ఆ తరగతులలో కులభేదము పాటింపరాదు. సంఘము మనదే కావచ్చును; విద్య ఎవ్వరి సొత్తును కాదు. మన పొరుగువాని బిడ్డ అజ్ఞానియై యుండగా మన బిడ్డ యొక్కడే పెద్దవాడగుట ఊరికి శోభ కాదు.

పెద్దలారా! సంఘములు తీర్మానములు చేయుట తేలిక. చందాపుస్తకములో అంకె వేయుట కష్టము. ఈ సభ ముగియకమునుపే విద్యానిధి పుస్తకము మీ వరుసలలోనికి వచ్చును. పెండ్లిలో ఒక పూట భోజనముల సంఖ్య తగ్గించిన మిగులు ద్రవ్యము ఒక విద్యార్థికి ఏడాది భోజనమగును. ఆ సంగతిని మనస్సునందుంచుకొని వ్రాయుడు.